సెల్లార్‌లో మందు

ఉమాశ్రీ ఇంట్లోకి మనిషన్నవాడు తిన్నగా నడిచి రావడానికి వీల్లేదు. ముందు గుమ్మం బయట నిలబడి “జున్నుని పట్టుకోండి” అని కేక వెయ్యాలి. లోపలివాళ్ళు పిల్లిని పట్టుకున్నాక తలుపు జానెడు తెరిచి, చేతిలో సంచీ కింద అడ్డం పెట్టి, పక్కకు తిరిగి, ఒదిగి లోపలికి జారాలి. జారగానే తలుపు వేసెయ్యాలి. గ్యాస్ బండ తెచ్చేవాడికీ, పనిమనిషి పుణ్యవతికీ, చుట్టపుచూపుగా వచ్చే మేనత్తకీ ఇదే నియమం. మేనత్త కాస్త భారీ మనిషి. ఇంత బతుకూ బతికి ఒక పిల్లికోసం అడ్డంగా నడవాల్సి వచ్చిందని ఆవిడ ఏలూరు వెళ్ళి పదిమందికి చెప్పుకుంది.

ఆవిడ తమ్ముడు రామ్మోహనరావు, ఉమాశ్రీ తండ్రి, ఆ నియమంలోనే ఏడాదిగా బతుకుతున్నాడు. భార్య పోయింది, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటు ఉద్యోగం అయిపోయింది, కూతురు వచ్చి సామాను సర్ది కొత్తగూడలో ఉన్న తన అపార్ట్‌మెంటుకి తీసుకొచ్చేసింది. అయిదో అంతస్తు. పొద్దున్న తొమ్మిదికి ఆమె నానక్‌రామ్‌గూడలో ఆఫీసుకి వెళ్ళిపోతే, సాయంత్రం ఏడుదాకా ఇంట్లో మిగిలేది ఆయనా, జున్నూ.

పేరుకి తగ్గట్టు అది జున్నురంగు పిల్లి. నాలుగేళ్ళ క్రితం, విడాకులైన ఏడాది, వానలో ఇంటికొస్తున్న ఉమాశ్రీకి కొత్తగూడ ఫ్లైఓవర్ కింద దొరికింది. తల్లిపిల్లిని ఏదో బండి తొక్కేసి పోయింది. పిడికెడంత పిల్ల ఆ తల్లి పక్కనే కూర్చుని పాలకోసం వెతుక్కుంటోంది. ఉమాశ్రీ దాన్ని చున్నీలో చుట్టి తెచ్చుకుంది. “ఆ ఏడాది నేను వేళకి ఇంటికొచ్చి, వేళకి ఇంత తిన్నానంటే దీనివల్లే నాన్నా” అని ఒకసారి చెప్పింది. ఆమె అలాంటి మాటలు ఊరికే చెప్పే మనిషి కాదు. ఆ మాట విన్నప్పటినుంచి రామ్మోహనరావుకి జున్నంటే కొంచెం గౌరవం కూడా కలిగింది.

గౌరవం వేరు, అభిప్రాయం వేరు. పిల్లి అన్నాక గోడ ఎక్కాలి, ఎండలో పొర్లాలి, ఎలుకని పట్టాలి అని ఆయన అభిప్రాయం. డబ్బాలో గింజలు పోసి, ఇసుక తొట్టెలో దొడ్డికి కూర్చోబెట్టి, బాల్కనీకి వల బిగించి పెంచేదాన్ని ఆయన పిల్లి అనడానికి ఒప్పుకోడు. ఏలూరు ఇంట్లో ఎన్ని పిల్లులు వచ్చేవని, ఎన్ని పోయేవని, ఎవరైనా కట్టేశారా అని వాదించేవాడు. ఉమాశ్రీ అంతా విని ఒక్కటే అడిగింది.

“వాటిలో ఒక్కటైనా ముసలిదై చచ్చిపోవడం చూశావా నాన్నా?”

ఆయన గుర్తు చేసుకున్నాడు. నల్లది బావిలో పడింది. చారలది కుక్కలపాలైంది. తెల్లది ఒకరోజు వెళ్ళి మరి రాలేదు. మిగతావాటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

సంక్రాంతి వెళ్ళి చలి తగ్గుతున్న రోజుల్లో, పార్సిల్ కుర్రాడికి తలుపు తీస్తే, జున్ను ఆయన కాళ్ళ సందులోంచి ఉడాయించింది. రామ్మోహనరావు చెప్పుల్లేకుండా అయిదంతస్తుల మెట్లూ దిగి, సెల్లార్ అంతా వెతికి, చివరికి వెనక ప్రహరీ దగ్గర కనిపెట్టాడు. అక్కడ కార్లు ఎక్కే వాలు పక్కన ఇంత మట్టినేల, దాని మీద ఇంత ఎండ. ఆ ఎండలో జున్ను వెల్లకిలా పడి పొర్లుతోంది. నాలుగేళ్ళలో అది మట్టిని చూడటం అదే మొదలు. తిట్టడానికి నోరు తెరిచిన పెద్దమనిషి తిట్టలేక పక్కనే చప్టా మీద కూర్చున్నాడు. ఏడాదిగా తనకీ ఎండ తగల్లేదని అప్పుడే ఆయనకి తెలిసింది.

ఆ మర్నాడు పదకొండింటికి, పుణ్యవతి పనిచేసి వెళ్ళాక, కూరల సంచీలో జున్నుని పెట్టుకుని ఆయనే లిఫ్టులో కిందికి తీసుకెళ్ళాడు. సంచీలోంచి తల మాత్రం బయటపెట్టి అది అంకెలు మారడం చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత అది రోజూ పద్ధతైపోయింది. పదకొండింటికి దిగడం, ఒంటిగంటకి ఎక్కడం. పైకి వచ్చాక తడిగుడ్డతో దాని కాళ్ళు తుడిచేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ కళ్ళు మూసుకున్నది పిల్లి కాదు, రిటైరైన సూపరింటెండెంటు.

చెబుదామని ఆయన రెండుమూడుసార్లు అనుకున్నాడు. సాయంత్రం కూతురొచ్చి “ఈమధ్య జున్ను బలే హుషారుగా ఉంది, బాగా తింటోంది” అని మురిసిపోతుంటే చెప్పబుద్ధి అయ్యేది కాదు. చూశావా, నా వాదమే గెలిచిందని లోపల్లోపల మీసం మెలేసేవాడు. ఒకరోజు జున్ను ఎలుకని పట్టి తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఆ గొప్ప ఎవరికీ చెప్పుకోలేక చచ్చిపోయాడు.

చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉన్నాడు, వాచ్‌మన్ ఐలయ్య. బోరబండనుంచి వచ్చి పగటి డ్యూటీ చేసేవాడు. సార్ పిల్లిని సంచీల తెస్తడని అతను నవ్వుకునేవాడు గానీ పైవాళ్ళకి చెప్పలేదు. కష్టసుఖాలు మాట్లాడుకునేవాళ్ళు. ఐలయ్యకి సాయంత్రమైతే రెండు చుక్కలు పడాలి. ఆ సంగతి దాచేవాడు కాదు. రామ్మోహనరావు జీవితంలో చుక్క ముట్టనివాడు. ఆ సంగతి ఆయన మరీ దాచేవాడు కాదు.

ఆ అపార్ట్‌మెంట్‌లో కుర్రకారు ఎక్కువ. క్రికెట్ మ్యాచ్ ఉన్నా, ఎవడి పుట్టినరోజైనా సెల్లార్‌లో కుర్చీలు వేసుకుని సీసాలు తెరిచేవాళ్ళు. మర్నాడు ఐలయ్యే ఆ సీసాలు ఏరేవాడు. ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్న, ఉమాశ్రీ ఇంట్లోనే ఉంది కనుక పిల్లి లేకుండా, కొత్తిమీర కోసం కిందికి దిగాడు రామ్మోహనరావు. గేటు దగ్గర ఐలయ్య ఆపాడు.

“సార్, సెల్లార్ల మందు పెట్టిండ్రు. జర ఆ దిక్కు పోకుండ్రి.”

పొద్దున్నే మొదలెట్టారా అనుకున్నాడు రామ్మోహనరావు. “మనకెందుకయ్యా ఆ గొడవ, మనకి అలవాటు లేదు. నువ్వు మాత్రం డ్యూటీలో ఉండగా జాగ్రత్త” అన్నాడు.

ఐలయ్య అర్థంకానట్టు చూసి ఏదో అనబోయాడు. ఇంతలో బయట కారు హారన్ కొట్టింది. అతను గేటు తియ్యడానికి పరిగెత్తాడు, ఈయన తన చమత్కారానికి తనే నవ్వుకుంటూ కొత్తిమీరకి వెళ్ళాడు. తెలుగువాడు ప్రాణం నిలబెట్టేదాన్నీ మందే అంటాడు, ప్రాణం తీసేదాన్నీ మందే అంటాడు, సాయంత్రం తాగేదాన్నీ మందే అంటాడు. ఏది ఏదో ఎదుటివాడే అర్థం చేసుకోవాలి. లిఫ్టులో ఇంగ్లీషులో ఒక కాగితం అంటించి ఉంది. అలాంటివి నెలకి పది అంటిస్తారు. రామ్మోహనరావు దాన్ని చదవలేదు.

మంగళవారం జున్ను ఒక ఎలుకని పట్టింది. బుధవారం ఇంకోటి. గురువారం పట్టిన ఎలుక సరిగా పరిగెత్తనేలేదు, గోడవార తూలుతూ పోతోంటే జున్ను ఒక్క దూకులో అందుకుంది. “శభాష్, చెయ్యి తిరిగింది నీకు” అని రామ్మోహనరావు వీపు నిమిరాడు. అది మొత్తం తినేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్న జున్ను మంచం కిందనుంచి రాలేదు. ఉమాశ్రీ పట్టుకుని బయటికి తీస్తే చేతుల్లో గుడ్డలా వేలాడింది. నోరు తెరిచి చూస్తే గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. తండ్రీకూతుళ్ళు కారెక్కి కొండాపూర్‌లో పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. పిల్లిని బల్లమీద పడుకోబెట్టి అన్నీ చూసింది, పరీక్షకి రక్తం తీసింది. రక్తం బాగా తగ్గిపోయిందండి, ఎందుకో తెలియాలి అంది. బయట తిరిగే పిల్లయితే ముందు ఎలుకల మందే అనుకునేదాన్ననీ, ఆ మందు తిన్న ఎలుకని తిన్నా పిల్లికి ముప్పేననీ, రక్తం గడ్డకట్టక లోపల్లోపలే కారిపోతుందనీ చెప్పింది. మీ దగ్గర అలాంటిదేమైనా పెట్టారా అని అడిగింది.

“వారం క్రితం శనివారం మా సెల్లార్‌లో మందు పెట్టారండీ,” అంది ఉమాశ్రీ. “కానీ జున్ను గడప దాటదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా దాటలేదు. నేను ఆఫీసుకెళ్ళినా మా నాన్న ఇంట్లోనే ఉంటారు. ఆయనున్నారనే నా ధైర్యం.”

సెల్లార్‌లో మందు. రామ్మోహనరావుకి గోడకి వేలాడే కుక్కపిల్లల బొమ్మలు మసకబారాయి. గోడవార తూలుతూ పోయిన ఎలుక కనిపించింది. డాక్టరమ్మ ఆయన వైపు తిరిగి “అంతేనాండీ?” అన్నట్టు చూసింది. కూతురు కూడా ఆయన వైపే చూసింది, ఏ అనుమానమూ లేకుండా. ఆయన తల ఊపాడు.

ఎందుకు ఊపాడంటే ఏం చెబుతాం. ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసులో ఆయన నేర్చుకున్న నీతి ఒకటే: విచారణ వచ్చినప్పుడు అడిగినదానికే జవాబు చెప్పు, మిగతాది ఫైలే చెబుతుంది. ఇప్పుడూ అలాగే సర్దిచెప్పుకున్నాడు. రక్తం తీశారు కదా, రేపు రిపోర్టులో అంతా తేలుతుంది, నేను చెప్పేదేముంది అనుకున్నాడు. నిజానికి ఆయన భయపడ్డది కోపానికి కాదు. “ఆయనున్నారనే నా ధైర్యం” అన్న మాటకి భయపడ్డాడు. ఆమెకి భర్త నమ్మకం నిలబెట్టుకోలేదు, తల్లి పోయింది, ఇక మిగిలింది తనొక్కడు. ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యడానికి ఆయనకి నోరు రాలేదు.

డాక్టరమ్మ ఏదో ఇంజెక్షన్ చేసి, సెలైన్ ఎక్కించి, రేపు పొద్దున్న రిపోర్టుతో రమ్మంది. ఇంటికొచ్చాక జున్ను చెంచాడు నీళ్ళు తాగింది. చూశావా, తాగుతోంది నాన్నా అని ఉమాశ్రీ సంబరపడింది. ఆయనా సంబరపడ్డాడు. భోజనాలయ్యాక చెబుదాం అనుకున్నాడు. భోజనాలయ్యేసరికి ఆమె పిల్లి పక్కన నేలమీదే చాప వేసుకుని, దాని కాలు పట్టుకుని నిద్రపోయింది. లేపడం ఎందుకు, పొద్దున్న చెబుదాం అనుకున్నాడు.

తెల్లారేసరికి జున్ను ముక్కులోంచి రక్తం. చాప మీద అరచెయ్యంత మరక. ఉమాశ్రీ దాన్ని తువ్వాలులో చుట్టుకుంటోంది. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు రామ్మోహనరావు చెప్పేశాడు.

“అమ్మా, జున్ను బయటికి వెళ్ళేది. నెల రోజులుగా నేనే కిందికి తీసుకెళ్ళేవాణ్ణి. పోయిన వారం మూడు ఎలుకల్ని తింది.”

లిఫ్టు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. అంకెలు దిగుతున్నాయి. తువ్వాలులోంచి జున్ను వాటిని చూడలేదు. రెండో అంతస్తు దగ్గర ఉమాశ్రీ అడిగింది.

“నిన్న డాక్టర్ అడిగినప్పుడు నీకు తెలుసా నాన్నా?”

“తెలుసు.”

ఆమె కారులో దారంతా ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఒళ్ళోని తువ్వాలు పట్టుకుని నడిపింది. పిల్లిని నేను పట్టుకుంటానని ఆయన చేతులు చాపాడు. ఆమె ఇవ్వలేదు.

డాక్టరమ్మ ఎలుకల సంగతి వినగానే లోపలికి పరిగెత్తింది. ఆ విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఇంకో పిల్లి రక్తం ఎక్కిస్తే బతికే అవకాశం ఉందని రక్తం కోసం ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేసింది. ఆ మనిషి చెయ్యాల్సిందంతా చేసింది. రక్తం ఇచ్చే పిల్లిని ఎవరో మియాపూర్ నుంచి తెస్తున్నామన్నారు. వాళ్ళు దారిలో ఉండగానే, పదకొండు కొట్టే వేళకి, జున్ను ఒకసారి నోరు తెరిచి మళ్ళీ ముయ్యలేదు. డాక్టరమ్మ రామ్మోహనరావు మొహం చూడకుండా, ఉమాశ్రీతోనే మెల్లిగా చెప్పింది. నిన్ననే మొదలుపెట్టి ఉంటే చాలావరకు బతికేదండి, ఇది మందున్న జబ్బే.

వెనక ప్రహరీ దగ్గర మట్టినేల ఒక్కటే ఉంది. అసోసియేషన్‌వాళ్ళు అడిగితే నేను జవాబు చెప్త తియ్యండి అని ఐలయ్యే గడ్డపార తెచ్చి గొయ్యి తీశాడు. ఎండ సరిగ్గా అక్కడే పడుతోంది. ఉమాశ్రీ తువ్వాలుతో సహా జున్నుని దింపి, తనే మట్టి తోసింది. రామ్మోహనరావు ఆ చప్టా దగ్గర నిలబడ్డాడు. కూర్చోవడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

ఐలయ్యకి మనసు ఆగలేదు. “నేను ఆ దినమే చెప్తిని కద సార్, సెల్లార్ల మందు పెట్టిండ్రని.”

“నేను తాగే మందనుకున్నానయ్యా” అన్నాడు రామ్మోహనరావు.

ఇంకో రోజు ఇంకో చోట విని ఉంటే ముగ్గురూ పడీ పడీ నవ్వుకునే మాట. ఐలయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఉమాశ్రీ మట్టిచేతులు అలాగే ఉంచుకుని, తండ్రి వైపు తిరగకుండా చెప్పింది.

“ఎలుకలు నా కారు వైర్లు కూడా కొరికేశాయి. మందు పెడదామా అని గ్రూపులో అడిగితే ముందు సరేనన్నది నేనే. ఎవరో కుక్కలూ పిల్లులూ ఉన్నాయి కదా అన్నారు కూడా. మన జున్ను బయటికి వెళ్ళదు కదా అనుకున్నాను.”

కూతురు నేరంలో సగం తన మీద వేసుకుంటోందని రామ్మోహనరావుకి అర్థమైంది. అది ఆయన్ని తేలికపరచలేదు. ఆమె తెలియక ఒప్పుకుంది. ఆయన తెలిసి తల ఊపాడు. ఈ రెంటికీ ఉన్న తేడా ఒక రాత్రి, ఆ ఒక్క రాత్రీ ఆయన చేతిలోనే ఉండింది. పిల్లి లోపల ఉండాలా, బయట తిరగాలా అన్న వాదంలో ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు. ఎండలో పొర్లిన ఆ నెల రోజులూ జున్ను సుఖంగానే ఉంది. ఆ మాట చెప్పుకునే హక్కు మాత్రం ఆయనకి పోయింది.

తర్వాత ఇంట్లో గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేదని ఆయన అనుకున్నాడు. ఉమాశ్రీ వేళకి అన్నం వడ్డించేది, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడిగేది. పుణ్యవతి ఇసుక తొట్టె తీసేస్తానంటే వద్దంది. అంతకుముందు ఏడింటికల్లా ఇంట్లో ఉండే మనిషి ఎనిమిదిన్నర, తొమ్మిది చేసేది. ఏలూరు వెళ్ళిపోతానమ్మా అని ఆయన ఒకసారి అన్నాడు. అక్కడ ఎవరున్నారు నాన్నా అంది. అది ఉండమనడమో, నిజంగా అడగడమో ఆయనకి తెలియలేదు.

పదిహేను రోజులయ్యాయి. ఆ రోజు ఆమె తొందరగా వచ్చింది. రామ్మోహనరావు హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. బయట తాళంచెవుల చప్పుడైంది. ఆఫీసులో ఏ తలనొప్పితో వచ్చిందో, ఏ ఆలోచనలో ఉందో, నాలుగేళ్ళ అలవాటు నోట్లోంచి వచ్చేసింది.

“నాన్నా, జున్నుని పట్టుకో.”

అలవాటు ఆమెకే కాదు. ఆయన గిన్నె పక్కన పెట్టి, కుర్చీలోంచి లేచి, గుమ్మం దగ్గరికి వెళ్ళి వంగి, రెండు చేతులూ నేల దాకా చాపాడు. తలుపు జానెడు తెరుచుకుంది. కింద సంచీ అడ్డం వచ్చింది. ఆ వెనక ఉమాశ్రీ పక్కకు ఒదిగి లోపలికి జారుతూ, వంగి ఉన్న తండ్రినీ, ఏమీ లేని ఆ రెండు చేతుల్నీ చూసి ఆగిపోయింది.

ఆయన లేవలేకపోయాడు. అలా వంగే, ఆ గచ్చువైపే చూస్తూ, అప్పటిదాకా రాని ఏడుపంతా ఏడ్చాడు. నాకు మాట పెగల్లేదమ్మా, ఆ రోజు నాకు మాట పెగల్లేదు అన్నాడు. ఉమాశ్రీ సంచీ లోపలికి లాక్కుంది. వెనక చెయ్యి పెట్టి, ఏదీ బయటికి పోకుండా, ఎప్పటిలాగే తలుపు గట్టిగా వేసింది.